వాట్ల సారు

రాత్రి తొమ్మిదిన్నర దాటగానే మా కొట్టంలో బల్బు మాట్లాడటం మొదలుపెడుతుంది. పాత అరవై క్యాండిల్ బల్బు. ఇల్లంతా ఎల్‌ఈడీలు వచ్చినా బర్రెల దగ్గర దీన్ని మార్చాలని ఎవరికీ తోచలేదు. అది ఒక్కసారి గుడ్డిదై, మళ్ళీ వెలిగి, టకటకా రెండుసార్లు మినుక్కుమని, కాసేపు ఊపిరి బిగబట్టినట్టు మసకబారి, చటుక్కున తేరుకుంటుంది. బర్రెకు గడ్డి వేస్తున్న మా అమ్మ తలెత్తకుండానే చెబుతుంది: "సారు పిలుస్తుండు."

కాసేపు బల్బు నిలకడగా వెలుగుతుంది.

"ఇంటుండు."

మళ్ళీ మినుకుమినుకు.

"ఇనబడనట్టుంది. మల్ల పిలుస్తుండు."

హామ్ రేడియో గురించి మా అమ్మకు తెలిసిందంతా ఆ బల్బు నేర్పిందే. అయినా గోపాల్‌పేటలో సారు సంగతి ఆమెకన్నా బాగా తెలిసినవాళ్ళు ఇద్దరే: ఒకరు సారు భార్య, మేమంతా పెద్దమ్మా అని పిలిచే ఆవిడ. ఇంకొకరు లైన్‌మన్.

పిలవడమంటే, హాముల భాషలో సీక్యూ అని కేకవేయడం. "ఎవరన్నా ఉన్నరా? ఉంటే పలకండి" అని దాని అర్థం. ఆ కేక సారు ఇంటి కప్పు మీది తీగను పట్టుకుని దేశాల మీదికి పోతుంది. పోతూ పోతూ మా వాడ కరెంటును కూడా కొంత వెంటబెట్టుకుని పోతుంది.

సారుకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి, కేంద్ర టెలికాం శాఖవారి వైర్‌లెస్ విభాగం ఇచ్చిన పేరు ఒకటి. ఈ రెండోది వీయూ2 అని మొదలై రెండు మూడు అక్షరాలతో ముగుస్తుంది. మూడోది ఊరు పెట్టింది: వాట్ల సారు. లైసెన్సు పరీక్ష రాయకుండా, రెన్యువల్ అక్కర్లేకుండా చెల్లుతున్నది ఈ మూడోదే.

మాకు బడిలో సైన్సు చెప్పి రిటైరయ్యాడు. బక్కపలచని మనిషి. కళ్ళద్దాలకు ఒకవైపు కాడ ఊడిపోతే సోల్డరింగ్ తీగ చుట్టుకున్నాడు. ఇంట్లో ఉంటే చారల లుంగీ, బనీను. గొంతు మాత్రం ఆ బనీనులోంచి రావాల్సింది కాదు. ఆఖరి బెంచీని కూడా నిద్ర లేపిన గొంతు. అసలు అంత గొంతున్న మనిషికి యాంప్లిఫయర్ ఎందుకని బయటివాళ్ళు అడుగుతారు. ఊళ్ళోవాళ్ళు అడగరు.

హైదరాబాదులో 1983లో జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ మొదలైంది. ఆ తర్వాత కొన్నాళ్ళకు, ప్రధాని రాజీవ్ గాంధీ కూడా హామేనట, ఆయన పిలుపు పేరు వీయూ2ఆర్‌జీ అట అని జనం చెప్పుకునే రోజుల్లో, సారుకు ఈ పురుగు కుట్టింది. కట్టకట్టలు పుస్తకాలు తెచ్చుకున్నాడు. మోర్స్ నేర్చుకున్నాడు. హాజరు పిలుస్తూ మా పేర్లను వేళ్ళతో బల్లమీద కొట్టేవాడు. డిట్ డా డిట్. "ఎస్ సార్" అనకుండా తిరిగి బెంచీ మీద కొట్టినవాడికి ఆ రోజు దెబ్బలు మాఫీ.

మొదట ఐదు వాట్లు. ఐదు వాట్లకు కర్నూలు దొరికింది. కర్నూలు దొరికాక మద్రాసు ఎందుకు దొరకదన్నాడు. పది వాట్లు చేశాడు. మద్రాసు దొరికిన సంబరం వారం కూడా నిలవలేదు, కొలంబో కళ్ళముందు కనబడసాగింది. అలా అలా వంద వాట్ల జపాను సెట్టు దాకా వచ్చాడు. వంద వాట్లతో మామూలు హాములు జీవితాంతం కాపురం చేస్తారు, ప్రపంచమంతా చుట్టివస్తారు. మా సారు ఆరు నెలలు చేశాడు. ఏ దేశం పలకకపోయినా ఆయన దగ్గర కారణం ఒక్కటే: వాట్లు చాలలేదు. వానకు కేబుల్ జాయింటులోకి నీళ్ళు దిగితే వాట్లు చాలలేదు. అటువైపు మనిషి అన్నం తినడానికి పోతే వాట్లు చాలలేదు.

ఒకసారి వనపర్తిలో, రాజావారి ప్యాలెస్‌లో నడిచే పాలిటెక్నిక్‌లో చదివే పిల్లగాడు ఒకడు చిన్న సెట్టు పట్టుకుని సారు దగ్గరికి వచ్చాడు. బిట్‌ఎక్స్ అని, మన హైదరాబాదు హామ్ అశ్హర్ ఫర్హాన్ గీసిన నమూనా. ఎవరైనా బజారులో దొరికే సామానుతో ఇంట్లో కట్టుకోవచ్చు. కాయిళ్ళు చుట్టడానికి నల్లాల్లో వేసే వాషర్లు సరిపోతాయి. ఆ నమూనా పట్టుకుని దేశదేశాల్లో జనం సెట్లు కట్టుకున్నారు. పిల్లగాడు కళ్ళు మెరుస్తుండగా చెప్పాడు, "ఆరు వాట్లు వస్తయి సార్!"

సారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. సోల్డరింగ్ బాగుందని మెచ్చుకున్నాడు. తర్వాత అన్నాడు: "బాబూ, మా దేవుని గూట్లె జీరో బల్బు ఉన్నది. అది పదిహేను వాట్లు తాగుతది. ఇది జీరోకన్న తక్కువ."

ఇది వాట్ల రోగం కాదని, వంశంలో వచ్చిన హార్స్‌పవర్ రోగమని పెద్దమ్మ అంటుంది. ఈ మాటకు మా పాలమూరు నేల మీద పుట్టినవాళ్ళకు వేరే వివరణ అక్కర్లేదు. సారు తండ్రికి మూడెకరాల చెలక, అందులో ఒక బోరు. బోరులో నీళ్ళు సన్నగిలితే ఆయన మూడు హెచ్‌పీ మోటారు తీసి ఐదు పెట్టాడు. రెండు రోజులు దండిగా పోసింది, మూడో రోజు గాలి పోసింది. ఐదు తీసి ఏడున్నర పెట్టాడు. అది ఒక్కపూట పోసింది. నీళ్ళు లేనిచోట మోటారు ఏం చేస్తుందని ఎవరన్నా అంటే, "బలం జాలుతలేదు" అనేవాడట. తర్వాత ఎన్నో ఏండ్లకు ఎల్లూరు దగ్గర కల్వకుర్తి ఎత్తిపోతల వచ్చింది. ముప్పై మెగావాట్ల మోటార్లు కృష్ణ నీళ్ళను ఎత్తిపోస్తే ఈ దిక్కు చెరువులు నిండాయి. ఆ సంగతి విన్న రోజు సారు తండ్రి ఫొటో దగ్గర నిలబడి, "చూసినవా నాయినా, ముప్పై మెగావాట్లు!" అన్నాడు. ఏడున్నరతో ఆగిపోవడమే తండ్రి చేసిన తప్పని తేలిపోయింది. ఆ మోటార్ల కింద శ్రీశైలం జలాశయం ఉందన్న ముక్కను తండ్రీ కొడుకుల్లో ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

సారుకు లెక్క రాదనుకునేరు. ఆ లెక్క మాకు బోర్డు మీద వేసి చెప్పింది ఆయనే. రేడియో సెట్టు ముందు ముల్లు ఒకటి ఉంటుంది, ఎస్ మీటర్ అంటారు. అవతలివాడి గొంతు ఎంత గట్టిగా చేరిందో ఒకటి నుంచి తొమ్మిది గీతల్లో చూపిస్తుంది. ఒక గీతకూ పై గీతకూ ఆరు డెసిబెల్ తేడా. ఆరు డెసిబెల్ అంటే నాలుగింతల పవరు. అంటే వంద వాట్లను నాలుగు వందలు చేస్తే అవతల ముల్లు కదిలేది ఒక్క గీత. ఇంకో గీత కావాలంటే 1600 వాట్లు. మన దేశంలో జనరల్ గ్రేడు హాముకు 400 వాట్ల దాకానే చట్టం ఒప్పుకుంటుంది, కొత్తగా చేరిన రిస్ట్రిక్టెడ్ గ్రేడువాళ్ళకు 50. అమెరికాలో 1500 దాకా ఇస్తారు. "అందుకే గాళ్ళు అమెరికోళ్ళయిన్రు" అని సారు నిట్టూరుస్తాడు. లెక్క తెలియనివాడికి లెక్క చెప్పి ఆపొచ్చు. సారుకు లెక్కంతా వచ్చు. నమ్మకం మాత్రం లేదు.

అట్లా లీనియర్ కట్టడం మొదలైంది. పవర్ యాంప్లిఫయర్‌ను హాములు ముద్దుగా లీనియర్ అంటారు. సెట్టులోంచి వచ్చిన మాట దీంట్లోకి చిన్నగా పోయి, వంకర పోకుండా పెద్దదై బయటికి వస్తుంది, పెండ్లిచూపులకు బక్కగా పోయిన పిల్లగాడు పెండ్లి ఫొటోలో దిట్టంగా కనబడినట్టు. ట్రాన్సిస్టర్లతో సులువుగా అయ్యే పనిని సారు వాల్వులతోనే చేస్తానన్నాడు. కోఠి గుజరాతీ గల్లీలో వెతికి నాలుగు 807 వాల్వులు పట్టుకొచ్చాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ట్రాన్స్‌మిటర్లు నడిపిన జాతి అది. నెత్తిన ఇనుప టోపీ, ఆ టోపీకే కరెంటు తీగ. వాటికి ఏడెనిమిది వందల వోల్టులు కావాలి. అందుకని జుమ్మేరాత్ బజారు పాత ఇనుము కుప్పల్లోంచి ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి ఏరాడు. దాన్ని హైదరాబాదు నుంచి బస్సులో తెస్తుంటే కండక్టర్ లగేజీ టికెట్ కొట్టి, దించేటప్పుడు ఒక చేయి కూడా వేశాడు. ఏమిటని అడిగితే "రేడియో సామాను" అన్నాడు సారు. కండక్టర్ నడుం పట్టుకుని, "ఎవల్దన్న గ్రామఫోనా?" అన్నాడట.

ఇంట్లో ఖర్చు సంగతి తేలాల్సి వచ్చింది. ఇలాంటి సందర్భాలకు సారు దగ్గర ఒక అస్త్రం ఉంది: 2004 డిసెంబరు. ఆ నెలలో మన హైదరాబాదు సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ నాయకత్వంలో హాముల బృందం ఒకటి అండమాన్ పోయింది. ఎన్నో ఏండ్లుగా మూగవోయిన ఆ దీవుల నుంచి ప్రపంచంతో మాట్లాడటం వాళ్ళ ముచ్చట. 26వ తేదీ పొద్దున సునామీ విరుచుకుపడింది. ఫోన్లు పోయాయి. ముచ్చటకు పట్టుకుపోయిన సెట్లే క్షేమసమాచారాలు మోశాయి. ఇది నిఖార్సైన నిజం, తలచుకుంటే ఒళ్ళు పులకరించే సంగతి. చిక్కల్లా ఏమిటంటే సారు దీన్ని కెపాసిటర్ కొన్నా చెబుతాడు, కేబుల్ కొన్నా చెబుతాడు.

"సునామొచ్చిన నాడు పనిజేసింది ఏంది? సెల్లా? టీవీయా? హామ్!"

పెద్దమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ అడిగింది, "మనకు సముద్రం యాడున్నది?"

"యాడుంటేంది? రావొచ్చు."

"నల్లమల ఎక్కి దిగి గోపాల్‌పేటకు రావాల్నంటే దానికి ఎన్ని రోజులు పడ్తది? అప్పటిదాంక చిన్న మిషన్‌తోటి నడపరాదా?"

దానికి సారు దగ్గర జవాబు లేదు. ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం మధ్య గదిలోకి వచ్చేసింది.

నేను దగ్గరుండి చూసింది మొదటిసారి ఆన్ చేసిన సాయంత్రం. ఎక్కువ వోల్టేజీ దగ్గర పనిచేసేవాళ్ళకు పాత నియమం ఒకటుంది: ఒక చేత్తోనే పని చేయాలి, రెండో చెయ్యి జేబులో ఉండాలి. రెండు చేతులూ పెడితే కరెంటు ఈ చేతిలోంచి గుండె మీదుగా ఆ చేతికి దారి చూసుకుంటుంది. సారు ఈ నియమం మాకు పదిసార్లు చెప్పాడు. ఇప్పుడు తానే పెట్టె ముందు కూర్చున్నాడు. కుడిచేత టెస్టర్. ఎడమచెయ్యి జేబు కోసం నడుము చుట్టూ వెతికింది. లుంగీకి జేబు లేదు. ఒక్క క్షణం ఆ చెయ్యి గాల్లో ఏం చేయాలో తెలియక ఆగింది. తర్వాత లుంగీ ముడిని గట్టిగా పట్టుకుంది. అప్పటినుంచీ ఇప్పటిదాకా సారు లీనియర్ ముట్టుకున్నాడంటే ఎడమచెయ్యి ముడి మీద ఉంటుంది. ప్రాణం, మానం ఒకే చేత కాపాడుకునే ఏర్పాటు ప్రపంచంలో ఇంకే హాముకూ లేదు.

వాల్వులు వేడెక్కాయి. గాజులో ముందు ఎర్రటి నిప్పురవ్వ, మాట అన్నప్పుడల్లా గాజు లోపలి గోడ మీద నీలిరంగు పారాడి పోయింది. నిజంగానే అందంగా ఉంది. ట్రాన్సిస్టర్లు వద్దన్నది ఎందుకో నాకు అప్పుడు కొంచెం అర్థమైంది. సారు రెండు నాబులు తిప్పాడు. ఒకటి తిప్పితే మీటరు ముల్లు దిగాలి, రెండోది తిప్పితే ఎక్కాలి, మళ్ళీ మొదటిది దించాలి. ఇద్దరు కోడళ్ళను ఒకేసారి సంతోషపెట్టినట్టు. చివరికి కర్నూలు నేస్తాన్ని పిలిచాడు. ముందు లీనియర్ లేకుండా ఒక మాట, తర్వాత లీనియర్ పెట్టి ఒక మాట.

"ఇప్పుడెట్లుంది?"

అవతలాయన మర్యాదస్తుడు. కొంచెంసేపు ఆగాడు. "పెరిగినట్టే ఉంది సార్. గీతో... గీతలో సగమో."

నాలుగు వందలు లోపలికి పోతే బయటికి వచ్చేది రెండు వందల చిల్లర. మిగిలింది వేడి. ఆ వేడిని వాడుకుంటున్నది ఇంట్లో ఒక్క పిల్లి; జాలీ మూత పక్కన పడుకుని చలికాలం గడిపేసింది. సగం గీత సంగతి సారు డైరీలో "బ్రహ్మాండమైన మార్పు" అని రాసుకున్నాడు.

నిజమైన మార్పు ఊళ్ళో వచ్చింది. మా వాడలో కోతుల బాధ చెప్పనలవి కాదు. రేకుల మీద గంతులు, కూరగాయల పాదులు ఆగం. సారు యాంటెన్నా తీగ ఒక కొస వేపచెట్టుకు కట్టి ఉంటుంది. ఆ తీగ కొసల్లోనే వోల్టేజీ ఎక్కువ. ఒక రోజు పొద్దున పెద్ద గండుకోతి ఒకటి ఆ కొస పట్టుకుని ఊగుతూ ఉంది. లోపల సారు సరిగ్గా అప్పుడే "సీక్యూ" అన్నాడు. కోతికి దెబ్బేమీ తగల్లేదు, వేళ్ళు చురుక్కుమని పరువు పోయింది. అది అరిచిన అరుపు ఏ దేశానికి చేరిందో గాని, దాని మంద మళ్ళీ ఆ చెట్టెక్కలేదు. సాయంత్రానికి ముగ్గురు పక్కింటివాళ్ళు సారు గుమ్మంలో నిలబడ్డారు.

"సారూ, మా ఇంటి మీదికెల్లి గూడ జర ఒక తీగ గుంజరాదు?"

నలభై ఏండ్ల హామ్ జీవితంలో ఊరివాళ్ళు సారును ఏదన్నా అడగడం అదే మొదలు. ఆ రోజు పెద్దమ్మ కూడా చాయ్‌లో చక్కెర ఎక్కువ వేసింది.

శనివారం నాటికి పరువు మళ్ళీ మొదటికొచ్చింది. ఆంజనేయస్వామి గుడిలో భజన. మైక్‌సెట్ నుంచి లౌడ్‌స్పీకర్‌కు పొడవాటి తీగ; రేడియో తరంగానికి అది ఇంకో యాంటెన్నా. సారు గొంతు దాంట్లోకి దూరింది. హాములు వాడే సింగిల్ సైడ్‌బ్యాండ్ పద్ధతిలో మాట అలా దొంగదారిన దూరితే మాటలా వినబడదు. నోట్లో నీళ్ళు పోసుకుని తిట్టినట్టు, గర గర గర అని వస్తుంది. భజన ఆగింది. మళ్ళీ గర గర. ముసలాయన ఒకాయన చేతులు జోడించి, "స్వామి ఏందో చెప్తుండు" అన్నాడు. ఇంకొకాయన, "కోపం మీదున్నడు" అని అర్థం చెప్పాడు. మూడోసారి గర గర వచ్చేసరికి మా అమ్మ గుడి బల్బు వైపు చూసింది. అది మినుకుతోంది.

"స్వామి కాదు, సారు. ఇటలీని పిలుస్తుండు."

చెప్పుకోవాల్సింది ఒకటుంది. సారు పరుగున వచ్చాడు. మైక్‌సెట్ మూత విప్పి, 103 అని రాసున్న పల్లీగింజంత బిళ్ళ కెపాసిటర్‌ను మైకు తీగ దగ్గర సోల్డర్ చేశాడు. గర గర పోయింది. డబ్బులు తీసుకోలేదు. మైక్‌సెట్ ఆయన మాత్రం ఆగలేక అడిగాడు, "సారూ, నాది 250 వాట్లు. మీది?" సారు నాలుగు వందలన్నాడు. ఇద్దరూ కాసేపు ఒకరినొకరు గౌరవంగా చూసుకున్నారు. ఇద్దరిలో ఎవరూ ఎదుటివాళ్ళు ఏం పాడుతున్నారో, ఏం చెబుతున్నారో అడగలేదు.

లీనియర్‌కు ఒక గుణం ఉంది: అది నోటిని పెంచుతుంది, చెవిని పెంచదు. ఇంట్లో ఇన్వర్టరు, ఎదురింట్లో చవక ఎల్‌ఈడీలు, సెట్‌టాప్ బాక్సు, ఛార్జర్లు, ఒక్కొక్కటీ రేడియోలో కందిరీగల్లా రొద పెడతాయి. సారు మీటరు ముల్లు ఎవరూ మాట్లాడకుండానే ఏడో గీత మీద కూర్చుంటుంది. అటువంటి రొదలో ఇటలీవాడు పలికినా ఏం తెలుస్తుంది? అయినా తీగ మార్చడు, కేబుల్ మార్చడు. పదిహేనేండ్ల నాటి కేబుల్, జాయింటు మీద ఇన్సులేషన్ టేపు చుట్టల మీద చుట్టలు, ముదురు కోడిపుంజు మెడలా ఉంటుంది. దాన్ని మార్చండి సార్ అంటే, "చూద్దాం" అంటాడు. కేబుల్‌కు వాట్లు రాసి ఉండవు కదా.

ఈ వానాకాలం ఒక రాత్రి వాడ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. దానికి సారే కారణమని లైన్‌మన్ అన్నాడు, కాదని నేను సాక్ష్యం చెప్పాను; ఆ రోజు నేను పక్కనే కూర్చుని ఉన్నాను, సారు అప్పటికి అరగంట నుంచీ వింటూనే ఉన్నాడు. ఊరంతా చీకటి. ఇన్వర్టరు కూడా కాసేపటికి ఊపిరి వదిలింది. సారు అలవాటు ప్రకారం సెట్టును కారు బ్యాటరీకి తగిలించాడు. లీనియర్ ఆరిపోయి చల్లబడుతూ టిక్కు టిక్కుమంటోంది.

మీటరు ముల్లు ఏడు మీద లేదు. ఒకటి దగ్గర పడుకుంది.

సారు నాబు మెల్లగా తిప్పాడు. ఎన్ని గొంతులు! ఒకరి వెనక ఒకరు, సన్నగా, శుభ్రంగా. జాతరలో జనం చెదిరాక మనవాళ్ళ మాటలు వినబడినట్టు. బ్యాటరీ అయిపోతుందని పవరు పది వాట్లకు తగ్గించాడు, గొణుగుతూనే. ఒక ఇటలీ ముసలాయన సీక్యూ అంటున్నాడు. సారు తన పేరు చెప్పాడు, మామూలు గొంతుతో. అవతలాయన వెంటనే పలికాడు. ఫైవ్ సెవెన్ అని రిపోర్టు ఇచ్చాడు. తనకు మోకాళ్ళ నొప్పులని, పెరట్లో టమాటాలు బాగా కాశాయని చెప్పాడు. సారు మన దగ్గర టమాటా ధర చెప్పాడు. ఇరవై నిమిషాలు. ఇన్నేండ్లలో సారు అవతలి మనిషి ఊరి పేరు, వాట్లు కాక మరో సంగతి అడగడం నేను మొదటిసారి విన్నాను. చివర్లో హాముల పద్ధతి ప్రకారం సెవెంటీ త్రీ చెప్పుకున్నారు, శుభాకాంక్షలన్నమాట.

పెద్దమ్మ కందిలి పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె కూడా వింటున్నట్టుంది. సారు హెడ్‌ఫోన్ తీసి చాలాసేపు మాట్లాడలేదు. కళ్ళద్దాల కాడ సర్దుకున్నాడు.

"కరెంటు లేకుంటేనే లైను బాగుంటది" అన్నాడు.

"అవును సార్" అన్నాను ఆశగా.

"అంటే, కరెంటు పోయినప్పుడే లీనియర్ నడపాలె." నా వైపు తిరిగాడు. చెయ్యి అప్పటికే లుంగీ ముడి మీదికి పోయింది. "పెండ్లి పందిట్ల పెడ్తరు చూడు, జనరేటర్లు. వనపర్తిల కిరాయికి ఇస్తరా? ఎన్ని కేవీఏ ఉంటయి?"

పెద్దమ్మ కందిలి వత్తి కొంచెం తగ్గించింది.

"సముద్రం శ్రీశైలం దాటినట్టుంది" అని లోపలికి పోయింది.